7,200 రూపాయల నల్ల సైకిల్, ఎనిమిది నెలల తర్వాత

ముందే చెప్పేస్తున్నాను, ఇది గేర్ల సైకిల్ రివ్యూ కాదు. లావు టైర్లు, డిస్క్ బ్రేకులు, ముందు స్ప్రింగులు కావాలనుకునేవాళ్ళు ఇక్కడ టైమ్ వేస్ట్ చేసుకోకండి. మా బడి పిల్లలు "తాత సైకిల్" అంటారే, నల్ల రంగు, మధ్యలో బారు, హ్యాండిల్ దగ్గర్నుంచి ఇనప కడ్డీలతో కిందికి దిగే బ్రేకులు, మనిషిని కూర్చోబెట్టినా కిక్కురుమనని క్యారేజీ, లాగితే వెనక చక్రం గాల్లోకి లేచే స్టాండు, ఆ సైకిల్ గురించి. పోయినేడు జులైలో తెనాలి దగ్గర ఒక షాపులో కొన్నాను. కంపెనీ పేరు, షాపు పేరు రాయను. ఈ రకం సైకిల్ ఏ కంపెనీది తీసుకున్నా కొలతలు అవే, సామాను అదే, ఒకదాని పెడల్ ఇంకోదానికి పడుతుంది. పైగా నేను పడ్డ తంటా సామాను వల్లా, బిగించినవాడి వల్లా అన్నది నాకే సగం తెలీదు, ఒకళ్ళ పేరు పెట్టి తిట్టడం దేనికి.

ధర 7,200. 22 అంగుళాల ఫ్రేము, 28 అంగుళాల చక్రాలు. కొన్న రెండు నెలలకి, 2025 సెప్టెంబర్ 22న, సైకిళ్ళ మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5కి తగ్గించారు. లెక్కేసుకుంటే నాకు నాలుగొందల యాభై దాకా బొక్క. ఇప్పుడు కొనేవాళ్ళు అదృష్టవంతులు, షాపువాడు తగ్గించి ఇస్తున్నాడో లేదో బిల్లు చూసుకోండి.

ఎందుకు కొన్నానని అందరూ అడిగారు కాబట్టి మీరూ అడుగుతారు. నేను లెక్కల మేస్టారిని, మా బడి ఇంటికి అయిదున్నర కిలోమీటర్లు, అందులో నాలుగు కాలవ కట్ట మీద. బండి ఉంది, ఇప్పటికీ ఉంది. సైకిలెక్కి బడికెళ్ళిన మొదటిరోజు స్టాఫ్ రూములో ఒకాయన గొంతు తగ్గించి "బండి అమ్మేశారా మేస్టారూ?" అన్నాడు. ఇంకొకాయన నేరుగానే, "షుగర్ ఎంతొచ్చింది?" అన్నాడు. మన దగ్గర యాభై దాటినవాడు సైకిల్ తొక్కితే రెండే కారణాలు, అప్పులైనా అయ్యుండాలి, డాక్టరైనా చెప్పుండాలి. నాకు ఆ రెండూ లేవు, ఊరికే తొక్కాలనిపించింది అంటే ఎవరూ నమ్మలేదు, చివరికి విసుగొచ్చి షుగరే అని ఒప్పేసుకున్నాను. ఇప్పుడు స్టాఫ్ రూములో ఎవరి పుట్టినరోజైనా నాకు స్వీటు పెట్టరు.

ఇంక సైకిల్ సంగతి.

ఈ నల్ల సైకిల్ షాపులో సైకిల్‌గా ఉండదు, ఇది తెలీకుండా వెళ్ళాను. ముందు వరసలో పిల్లల సైకిళ్ళు, గులాబి రంగువి, నియాన్ రంగువి, ప్లాస్టిక్ కవర్లు కూడా తీయకుండా మెరుస్తుంటాయి. నల్లవి ఏవండీ అంటే కుర్రాడు లోపలికెళ్ళి గోనెపట్టా చుట్టిన ఫ్రేము ఒకటి, తాడుతో కట్టిన మడ్‌గార్డులు, అట్టపెట్టెలో మిగతా సామాను తెచ్చి నేల మీద పోశాడు. సీటు ఏది వేయమంటారు, టైర్లు ఏవి వేయమంటారు, చైన్ కవర్ సగమా నిండా అని ఒక్కోటీ అడుగుతాడు. మన చిన్నప్పుడూ అంతే. మా నాన్న సైకిల్ కొన్నప్పుడు సీటు ఒక చోట, డైనమో ఇంకో చోట కొని తెచ్చి బిగించుకున్నాడని చెప్పేవాడు. ఒకటి మాత్రం మారింది, అప్పుడు బిగించేవాడికి అదే జీవితం, ఇప్పుడు బిగించే కుర్రాడు పొద్దున పిల్లల సైకిళ్ళకి ప్లాస్టిక్ పక్కచక్రాలు తగిలించి మధ్యాహ్నం నా సైకిల్ ముందేసుకున్నాడు. గంటన్నరలో చేతికిచ్చాడు. బెల్లు కొట్టి చూసుకున్నాను, మోగింది, ఎక్కి వచ్చేశాను.

పదో రోజున మొదలైంది చప్పుడు. కుడి పెడల్ కిందికి వచ్చినప్పుడల్లా టక్. కట్ట మీద పొద్దున ఏడున్నరకి కొంగలు, నీళ్ళ చప్పుడు, నా టక్. రెండు రోజులకి టక్‌తో పాటు పెడల్ వేలెడు జారడం మొదలైంది, కాలు కింద మెట్టు తప్పినట్టు ఉండేది. షాపుకి తీసుకెళ్తే కుర్రాడు అటూ ఇటూ ఊపి "కొత్తది కదా అంకుల్, తొక్కితే సెట్ అవుద్ది" అన్నాడు. కొత్తది కాబట్టే కదయ్యా తెచ్చాను అంటే నవ్వాడు. ఓనరు ఫోన్లో ఉన్నాడు, నేను నిలబడ్డ పావుగంటా ఫోన్లోనే ఉన్నాడు. ముందు బ్రేకు రబ్బరు రిమ్ముకి ఒక పక్కే రాసుకుంటోందని కూడా చెప్పాను, దానికీ అదే జవాబు, సెట్ అవుద్ది.

అవలేదు. వంతెన దిగువ రావిచెట్టు కింద ఒక పెద్దాయన ఉంటాడు, డెబ్భై దాటుంటాయి, పంచర్లు వేస్తాడు. ఆయన దగ్గరకి తోసుకుంటూ వెళ్ళాను. ఆయన ఎక్కడా తొక్కి చూడలేదు. సైకిల్ని స్టాండేసి, పెడల్ కొమ్మ పట్టుకుని ఒక్కసారి ఊపి, టక్ వినగానే "కాటర్ పిన్నండీ" అన్నాడు.

ఈ సైకిల్‌కి పెడల్ కొమ్మని ఇరుసుకి బిగించేది చిటికెన వేలంత పిన్ను, దానికి ఒక పక్క వాలుగా చదును ఉంటుంది. ఆ చదును ఇరుసు గాడిలో అతుక్కుని కూర్చోవాలి, రవ్వంత సందున్నా తొక్కిన ప్రతి తొక్కూ ఆ సందులో సుత్తి దెబ్బ. ఆయన నట్టు రెండు చుట్లు వదులు చేసి పైనుంచి ఒక్కటి వేసేసరికి పిన్ను బయటికి వచ్చేసింది. నా అరచేతిలో పెట్టి గోటితో చూపించాడు, చదును మీద మెట్టు పడింది, కొత్త పిన్నుకి పన్నెండు రోజుల్లో. "ఇది సుత్తితో కూర్చోబెట్టాలండి మేస్టారూ, ఆ పిల్లాడు నట్టుతో లాగాడు. నట్టు పిన్ను ఊడకుండా పట్టుకునేందుకేగానీ బిగించేందుకు కాదు." పాత హార్లిక్స్ సీసాలోంచి ఇంకో పిన్ను తీశాడు. అదీ నేరుగా వేయలేదు. ఆకురాయి మీద నాలుగు రుద్దులు, పెట్టి చూశాడు, తీశాడు, ఇంకో రెండు రుద్దులు, మళ్ళీ పెట్టాడు, ఒక కన్ను మూసి రెండు పెడల్ కొమ్మలూ ఒకే గీత మీద ఉన్నాయో లేదో చూశాడు. అప్పుడు కొమ్మ కింద ఇనప గొట్టం ముక్క నిలబెట్టి, దెబ్బ ఇరుసులోని గోళీల మీద పడకుండా నేలలోకి పోయేట్టు చూసుకుని, మూడు దెబ్బలు. చప్పుడు మారింది, మొదటి రెండూ డబ్బా మీద కొట్టినట్టు, మూడోది రాయి మీద కొట్టినట్టు. "ఒక మైలు తొక్కుకు రండి, ఇంకో దెబ్బేద్దాం." తొక్కుకు వచ్చాను, వేశాడు. ముందు బ్రేకు కూడా సరిచేసి, ముందు చక్రంలో చిన్న వంకరుంటే పుల్లలు బిగించి వంకర తీసి, మొత్తం డెబ్భై రూపాయలు తీసుకున్నాడు. ఆ తర్వాత ఇవాళ్టి దాకా టక్ లేదు.

ఈ సైకిల్ మీద నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. మీ ఇంటికి నడిచెళ్ళేంత దూరంలో ఇలాంటి మనిషి ఉన్నాడో లేదో ముందు చూసుకోండి, ఉంటేనే కొనండి. ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టి మీరే బిగించుకుందాం అనుకుంటే మాత్రం వద్దు, నా మాట వినండి.

తొక్కడం ఎలా ఉంది. బరువు ముందు. పక్కనే ఉన్న బియ్యం కొట్టు కాటా మీద పెడితే 22 కిలోలు చూపించింది. మేడ మెట్లు ఎక్కించే పనైతే మర్చిపోండి. కానీ నేల మీద దిగాక ఆ బరువు తెలీదు, ఒకసారి ఊపందుకుంటే దాని మానాన అది పోతుంది. గేర్లు లేవు, ఉన్నదొక్కటే. ఆ ఒక్కటి ఎంతో మా ఎనిమిదో తరగతి పిల్లల చేత లెక్క కట్టించాను. చైను తిరిగే చక్రాల పళ్ళు, సుద్దముక్కతో ఒక పన్ను మీద గుర్తు పెట్టి లెక్కపెట్టారు, పెడల్ దగ్గర 44, వెనక ఫ్రీవీల్‌కి 18. టైరు మీద సుద్దతో గీత గీసి బడి వరండాలో ఒక్క చుట్టు దొర్లించి టేపుతో కొలిస్తే రెండు మీటర్ల ఇరవై. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ అయిదు మీటర్ల నలభై దాకా పోతుంది. ఇంటి నుంచి బడికి పెడల్ దాదాపు వెయ్యి చుట్లు. వృత్తం చుట్టుకొలత పాఠం ఈసారి ఒక్కరూ తప్పలేదు, ఆ క్రెడిట్ సైకిల్‌కే.

చదును నేల మీద ఆ ఒక్క గేరు చాలు. డెల్టాలో ఎత్తుపల్లాలు ఎక్కడున్నాయి, కాలవ వంతెనలు తప్ప. రైల్వే ఫ్లైఓవర్ మాత్రం నిలబడి తొక్కినా సగంలో దిగిపోతాను, సిగ్గేం లేదు. ఎదురుగాలి వచ్చినా కష్టమే, ఎందుకంటే దీని మీద మనం నిటారుగా కూర్చుంటాం, ఛాతీ అంతా తెరచాపే. అదే నిటారు కూర్చోవడం వల్ల నడుం నొప్పి లేదు, మెడ నొప్పి లేదు, పక్క పొలంలో ఏం వేశారో చూసుకుంటూ పోవచ్చు. పంచె కట్టుకున్నా తొక్కొచ్చు, నిండా చైన్ కవర్ వేయించుకుంటే. నేను సగం కవర్ వేయించాను, రెండు ప్యాంట్లు పోయాయి.

వానలో బ్రేకులు. దీని గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. రిమ్ములు ఇనపవి, మెరుగు పెట్టినవి, తడిస్తే రబ్బరు వాటి మీద జారుతుంది, బ్రేకు ఎంత నొక్కినా సైకిల్ ఆలోచించుకుని ఆలోచించుకుని ఆగుతుంది. ఆగస్టులో ఒక సాయంత్రం జల్లు పడుతుంటే కట్ట దిగే వాలులో గేదె అడ్డం వచ్చింది, రెండు బ్రేకులూ పట్టేసి, అదీ చాలక చిన్నప్పట్లా చెప్పులు నేలకి రాసి ఆపాను. గేదె కదల్లేదు. వానాకాలంలో చాలా ముందు నుంచే వేగం తగ్గించుకోవాలి, అంతే, ఇంకో మార్గం లేదు. సీటు రెక్సిన్‌ది, స్ప్రింగులు గట్టివి, మొదటి వారం కూర్చోవడానికి కూడా ఆలోచించాను, తర్వాత అది మెత్తబడిందో నేను గట్టిపడ్డానో సర్దుకుంది. డైనమో అడిగితే షాపులో నన్ను వింతగా చూశారు, ఇప్పుడు చార్జింగ్ లైటే. బెల్లు బాగుంది. తాళం వెనక చక్రానికే ఉంటుంది, చాలు, ఈ రోజుల్లో దీన్ని ఎత్తుకెళ్ళేవాడు లేడు.

మార్కులు అడిగితే పదికి ఏడు. బ్రేకులకి రెండు, బిగింపుకి ఒకటి కోశాను.

మా నాన్నది అట్లాస్, 24 అంగుళాల ఫ్రేముది. ముందు గొట్టం మీద భూగోళాన్ని మోస్తున్న మనిషి బొమ్మ ఉండేది, ఆ బొమ్మ మా నాన్నే అని చాలా రోజులు అనుకున్నాను. పదేళ్ళ పిల్లాడికి 24 అంగుళాల సైకిల్ అంటే గుర్రం లాంటిది, సీటు నా గడ్డం దాకా వచ్చేది. అందుకని ఎవరూ నేరుగా సీటెక్కి నేర్చుకోలేదు. ముందు కొన్నాళ్ళు ఊరికే తోసుకుంటూ తిరగడం. తర్వాత ఎడమ కాలు పెడల్ మీద పెట్టి కుడికాలితో నేలని తన్నుకుంటూ పోవడం. ఆ తర్వాత అర తొక్కుడు, అదే అసలు విద్య. కుడికాలిని బారు కింద సందులోంచి అవతలి పెడల్ మీదకి దూర్చి, ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద, కుడి చంకలో బారు ఇరికించుకుని, ఒళ్ళంతా సైకిల్‌కి బయటే వేలాడుతూ పెడల్ని సగం కిందికి తొక్కి మళ్ళీ వెనక్కి తెచ్చి మళ్ళీ సగం తొక్కడం. నిండా చుట్టు తిప్పడానికి కాలు అందదు. వెనక్కి తెచ్చినప్పుడల్లా ఫ్రీవీల్ టిక్‌టిక్‌టిక్ అనేది. ఆ టిక్కుల్ని బట్టి వీధిలో ఎవరి పిల్లాడు నేర్చుకుంటున్నాడో అమ్మలకి ఇంట్లోంచే తెలిసిపోయేది. బ్రేకు పట్టాలని గుర్తుండేది కాదు, ఆగాలంటే ఏ గడ్డివామో చూసుకోవడమే. నేను చూసుకునే లోపు కాలవ వచ్చింది ఒకసారి. నన్ను పైకి లాగిన మనిషి "సైకిలేదిరా?" అని ముందు అడిగాడు, నాకేమైనా దెబ్బ తగిలిందా అని తర్వాత.

నాన్న ఆదివారం మాత్రమే ఇచ్చేవాడు కాబట్టి మిగతా రోజులు అద్దె సైకిల్. గంటకి అర్ధరూపాయి. అవి చిన్న సైకిళ్ళు, మడ్‌గార్డు మీద తెల్ల పెయింటుతో నంబరు, క్యారేజీ ఉండేది కాదు, డబుల్స్ తొక్కి విరగ్గొడతారని తీసేసేవాడు. డిపాజిట్టు లేదు, కార్డు లేదు, "ఎవరబ్బాయివిరా?" అన్న ప్రశ్నే పూచీకత్తు. నోటుబుక్కులో నంబరు, టైము రాసుకునేవాడు. మేం నలుగురం తలా పన్నెండున్నర పైసలు వేసుకోవాలి, అర పైసా ఎలాగన్నది ప్రతిసారీ గొడవే. నలుగురికీ పావుగంట చొప్పున. వాచీ ఎవరికీ లేదు కాబట్టి బ్యాంకు గోడ గడియారం కనిపించే చోటే తొక్కేవాళ్ళం, పావుగంటకి ఒకడు అరిచేవాడు. నాకు అన్నిటికన్నా 7 నంబరు ఇష్టం, ఎందుకంటే దానికి బెల్లు మోగేది. మిగతావాటికి బెల్లు తప్ప అన్నీ మోగేవి.

పట్నంలోకి వెళ్తే వేరే భయాలు. రాత్రి లైటు లేకపోయినా, వెనక ఇంకొకళ్ళని ఎక్కించుకున్నా పోలీసు ఆపి చక్రంలో గాలి తీసేసేవాడు. సెంటరు రాకముందే నాన్న "దిగు" అనేవాడు, నేను దిగి సెంటరు దాటేదాకా పక్కన నడిచి మళ్ళీ ఎక్కేవాణ్ణి. సైకిల్‌కి మునిసిపాలిటీ బిళ్ళ కూడా ఉండేది. సైకిల్‌కి లైసెన్సా అని మా పిల్లలు నవ్వుతారు. నవ్వుతారు గానీ, సైకిల్‌ని సర్కారు కూడా ఒక వాహనంగా చూసిన రోజులవి. 1983 ఎన్నికలప్పుడు మా ఊరి గోడలన్నీ పసుపు రంగులో సైకిళ్ళే, చాలా వాటికి పెయింటరు చైను వేయడం మర్చిపోయేవాడు, మేం బొగ్గుతో వేసేవాళ్ళం. పుచ్చలపల్లి సుందరయ్య గారు పార్లమెంటుకి సైకిల్ మీద వెళ్ళేవారని నాన్న ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు, సాధారణంగా నేను సైకిల్ బెల్లు పోయిందని గొణిగినప్పుడు.

ఆ రోజులు బాగుండేవి అని నేనేం అనను. అందరూ సైకిల్ తొక్కింది ఇష్టపడి కాదు, ఇంకోటి కొనలేక. మా నాన్న చేతిలో డబ్బులు ఆడగానే చేసిన మొదటి పని అట్లాస్‌ని పాలాయనకిచ్చేసి స్కూటర్ కొనడం. ఆ పాలాయన కొన్నేళ్ళకి దాన్ని పాతసామాన్లకి వేసి మోపెడ్ కొన్నాడు. మా వైపు నల్ల సైకిల్‌ని దెబ్బకొట్టింది కార్లు కాదు, మోపెడ్లు. 1980లో టీవీఎస్ 50 వచ్చింది, తర్వాత ఎక్స్‌ఎల్ వచ్చింది, గడ్డి మోపు, పాల క్యాన్లు, యూరియా బస్తా, భార్యా, అన్నీ దాని మీదకి ఎక్కేశాయి. క్యారేజీ మీద బరువు మోయడమే నల్ల సైకిల్ ఉద్యోగం, ఆ ఉద్యోగం పోయింది.

కానీ దేశంలో సైకిల్ పోయింది అంటే కూడా తప్పు. 2011 జనాభా లెక్కల్లో సైకిల్ ఉన్న ఇళ్ళు 44.8 శాతం, స్కూటరో మోటారు సైకిలో ఉన్నవి 21. ఆ తర్వాత 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో సైకిల్ ఉన్న ఇళ్ళు సగం దాటాయి, పశ్చిమ బెంగాల్లో అయితే దాదాపు 79 శాతం. లూధియానాలో ముంజాల్ సోదరులు 1956లో మొదలుపెట్టిన హీరో, 1986లో ప్రపంచంలోకెల్లా ఎక్కువ సైకిళ్ళు చేసే కంపెనీగా గిన్నిస్ బుక్కుకి ఎక్కింది. 1951లో సోనీపత్‌లో మొదలైన మా నాన్న అట్లాస్ సంగతి వేరే. వాళ్ళకి మిగిలిన సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. జూన్ 3 అంటే ప్రపంచ సైకిల్ దినోత్సవం, 2018లో ఐక్యరాజ్య సమితి ప్రకటించింది. కథలో రాస్తే ఎడిటర్ కొట్టేస్తాడు, మరీ అతిగా ఉందని.

పెద్దవాళ్ళ సైకిళ్ళు రెండు రకాలుగా చీలిపోయాయి ఇప్పుడు. మా కట్ట మీద పొద్దున్నే ఆరుకి కనపడేవాళ్ళు తాపీ పనివాళ్ళు, క్యారేజీకి పార, తట్ట, హ్యాండిల్‌కి అన్నం క్యారియర్. హైదరాబాద్‌లో మా అబ్బాయి చూపించినవాళ్ళు ఇంకో రకం. అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది, 2023 అక్టోబర్ 1న మొదలైంది, పైన కప్పంతా సోలార్ పలకలు, ఎండా వానా తగలదు, దారి నాలుగున్నర మీటర్ల వెడల్పు. నిజంగా బాగుంది, ఒక గంట అలా చూస్తూ నిలబడ్డాను. మావాడు అక్కడికి సైకిల్‌ని కారు వెనక కట్టుకుని వెళ్తాడు, తొక్కి, మళ్ళీ కారుకి కట్టుకుని ఇంటికొస్తాడు, ఆఫీసుకి కార్లో పోతాడు. "ఆఫీసుకే తొక్కుకుని పోవచ్చు కదరా" అంటే "ఆ రోడ్డు మీదా? చంపేస్తారు నాన్నా" అన్నాడు. వాడన్నదాంట్లో తప్పు లేదు. నేనూ తెనాలి మెయిన్ రోడ్డు మీద దిగి నడిపించుకునే పోతాను, అప్పుడు పోలీసు భయం, ఇప్పుడు ఆటో భయం.

ఇంక మా అక్క. నాకన్నా మూడేళ్ళు పెద్దది, మా వీధిలో అర తొక్కుడు నాకు నేర్పింది తనే. అద్దె సైకిల్ మీద నాకన్నా బాగా తొక్కేది, చేతులు వదిలేసి కూడా. ఎనిమిదో తరగతిలో పెద్దమనిషి అయ్యింది, ఆ వారంతో సైకిల్ ఆగిపోయింది, ఎవరూ వద్దని గట్టిగా చెప్పను కూడా లేదు, అడగడానికి లేదని అందరికీ తెలుసు, అంతే. తర్వాత కొన్నేళ్ళకి 1991, 92ల్లో తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలమంది ఆడవాళ్ళు సైకిల్ నేర్చుకున్నారని చదివి, ఆ పేపరు కటింగ్ తనకి పోస్టులో పంపాను. జవాబు రాలేదు. 2006లో బీహార్లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిళ్ళిచ్చారు, తర్వాత మన దగ్గరా తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి ఇచ్చారు. మా బడిలో ఆ సైకిళ్ళు వరసగా నిలబెట్టి ఉంటే చూసిన రోజు మా అక్కకి ఫోన్ చేశాను, ఏదో మాట్లాడి పెట్టేశాను.

మొన్న సంక్రాంతికి వచ్చింది. వసారాలో సైకిల్ చూసి "ఏంట్రా, నాన్న సైకిలా?" అంది. కాదక్కా కొత్తది అన్నాను. చుట్టూ తిరిగి చూసింది, బెల్లు కొట్టింది, బ్రేకు కడ్డీ నొక్కి వదిలింది. కాసేపాగి "ఒరేయ్, కట్ట మీదకి తీసుకురా" అంది. మా బావ "నీకేమైనా పిచ్చా, మోకాళ్ళు" అంటున్నాడు, తను వినలేదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపింది. బారు మీదుగా కాలెత్తడం కుదరదు, యాభై అయిదేళ్ళ మనిషి, చీర. రెండు నిమిషాలు అలా నిలబడి, తర్వాత కుడికాలు బారు కింద సందులోంచి దూర్చింది. అర తొక్కుడు. నేను సీటు పట్టుకుని పరిగెడుతున్నాను, "వదులు, వదులు" అంటోంది, వదిలాను. టిక్‌టిక్‌టిక్. ఓ పాతిక గజాలు పోయి గట్టు పక్కకి ఒరిగి దిగింది. చీర అంచంతా చైను గ్రీజు. సగం చైన్ కవర్ వేయించుకున్నందుకు నన్నే తిట్టింది.

కాబట్టి ఆడవాళ్ళకి కొనేవాళ్ళు బారు లేని మోడల్ అడగండి, ఇందులోనే ఉంది, పైగొట్టం కిందికి వంగి ఉంటుంది, మిగతా అంతా ఇదే సైకిల్. చైన్ కవర్ నిండాదే. అదే షాపులో కనుక్కుంటే స్టాకులో లేదు, ఆర్డరిస్తే వారంలో వస్తుంది, ముందు బుట్టతో కలిపి 6,900 అన్నాడు. ఉగాదికి తెప్పించమంది మా అక్క. అడ్వాన్సు ఇచ్చాను గానీ ఈసారి బిగించవద్దని చెప్పాను, గోనెపట్టాతోనే ఇవ్వమన్నాను. రావిచెట్టు కింద బాబాయికి ముందే చెప్పి పెట్టాను, ఆదివారం పొద్దున రమ్మన్నాడు, పాత పిన్నులు రెండు రుద్ది ఉంచుతానన్నాడు.